ఒక తేదీ పట్టుకుని ‘చరిత్రలో ఈ రోజు’ బోర్డు రాయడం ఎట్టా: జూన్ 4తో మొత్తం చూపిస్తా

గ్రంథాలయం గుమ్మం పక్కన నల్లబోర్డు మీద ‘చరిత్రలో ఈ రోజు’ అని రాస్తారు చూడండి, స్కూళ్ళలో ప్రార్థన అయ్యాక కూడా చదివిస్తారు, ఈమధ్య అయితే ప్రతి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒకటి వచ్చి పడతా ఉంది. చానా వాటిల్లో ఫలానా సంవత్సరం ఫలానా ఆయన పుట్టాడు, ఫలానా సంవత్సరం ఫలానా యుద్ధం జరిగింది అని ఇరవై లైన్లు వరసగా ఉంటాయి, చదివి పక్కకి తిరిగితే ఒక్కటి గుర్తుండదు. నాకు ఇది బాధగా ఉంటుంది, ఎందుకంటే పిల్లల్ని చరిత్రలోకి లాక్కుపోవడానికి తేదీ కంటే సులువైన దారి లేదు, నా పుట్టినరోజు నాడు ఏం జరిగింది అని అడగని పిల్లోడు ఉండడు.

నేను పాటించే పద్ధతి ఏందంటే, ఆ తేదీన పుట్టిన మనుషుల వయసుతో ఆ తేదీన జరిగిన యుద్ధాల్ని కొలవాలి. పుట్టినవాళ్ళది ఒక లిస్టు, యుద్ధాలది ఇంకో లిస్టు అని విడగొట్టి రాస్తే రెండూ నిద్రపోతాయి. రెండూ కలిపి రాస్తే కావలి బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నాయన కూడా ఆగి చదువుతాడు. దీనికి జూన్ 4ని తీసుకుంటాను, మన నెల్లూరోళ్ళకి ఆ తేదీ ఎందుకో చెప్పక్కర్లేదు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పుట్టినరోజు.

ముందు మనోడితో మొదలుపెట్టండి. ఇది చానా ముఖ్యం. బోర్డు మీద మొదటి పేరు తెలిసిన పేరైతేనే రెండో లైన్ చదువుతారు. బాలు గారు పుట్టింది 1946 జూన్ 4. వాళ్ళ నాయన సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, బాలు గారు నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న సొంతిల్లుని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు, అదే సంవత్సరం సెప్టెంబర్ 25న పోయారు. ఇట్టాంటి ఒక్క వివరం చాలు, ఆ వీధిలో నడిచినోళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారో చూడండి. ఆరు జాతీయ అవార్డులు, పద్మవిభూషణ్ అని బిరుదులన్నీ ఎక్కించబాకండి, బోర్డు నిండిపోతుంది.

తర్వాత అదే తేదీన పుట్టిన ఇంకో ఇద్దరు ముగ్గుర్ని ఏరుకోండి, వాళ్ళు ఒకరికొకరు దూరంగా ఉండేలా చూసుకోండి, ముగ్గురూ సినిమా వాళ్ళే అయితే అది సినిమా పేజీ అయిపోతుంది. జూన్ 4కి నేను తీసుకునేది హిందీ నటి నూతన్ (1936), ఫిన్లాండ్ సేనాని మానర్‌హైమ్ (1867), ఇంగ్లాండ్ రాజు మూడో జార్జ్ (1738). ఈ మూడో జార్జ్ మనకెందుకు అంటారేమో, ఆయన సింహాసనం మీద ఉండగానే అమెరికా ఇంగ్లాండు చెయ్యి జారిపోయింది, ఆయన ఉండగానే 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి మన నెల్లూరు సీమ కంపెనీ చేతికి పోయింది. ఈ ఒక్క లైన్ పక్కన పెడితే ఆ రాజు కూడా మనకి సంబంధం ఉన్నోడే అయిపోతాడు.

ఇప్పుడు యుద్ధాలు. జూన్ 4 దగ్గర రెండో ప్రపంచ యుద్ధమే మూడు సంవత్సరాల్లో మూడు సార్లు వచ్చి నిలబడుతుంది. 1940లో డంకర్క్ (ఫ్రాన్స్ తీరంలో జర్మన్ల మధ్య చిక్కుకున్న బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాన్ని ఓడల్లో ఇంగ్లాండుకి తరలించడం), 1942లో మిడ్‌వే (పసిఫిక్‌లో జపాన్, అమెరికా నౌకల యుద్ధం), 1944లో రోమ్. ఇక్కడే చానామంది ‘1940: డంకర్క్ జరిగింది’ అని రాసి వదిలేస్తారు. అట్టా రాయకూడదు. ఒక యుద్ధం ఒక్క రోజులో అయిపోదు కాబట్టి ఆ రోజున సరిగ్గా ఏమైందో క్రియలో చెప్పాలి, మొదలైందా, ముగిసిందా, పడిపోయిందా, ప్రకటించారా. డంకర్క్ తరలింపు మే 26న మొదలై జూన్ 4న ముగిసింది. మిడ్‌వే జూన్ 4న మొదలై 7 దాకా సాగింది. రోమ్ నగరంలోకి అమెరికా సైన్యం జూన్ 4న అడుగుపెట్టింది. మూడింటికీ మూడు వేరే క్రియలు, ఇది సరిచూసుకుంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఒక్కోదాని దగ్గర కాసేపు కూర్చోండి. డంకర్క్ నుంచి సముద్రం దాటించిన సైనికుల లెక్క 3,38,226, మన పద్ధతిలో కామాలు పెట్టండి, ఇంగ్లీషు పేజీలో ఉన్నట్టు పెడితే పిల్లలు మూడు లక్షల ముప్పై ఎనిమిది వేలు అని చదవలేక తడబడతారు. వాళ్ళలో 1,20,000 మందికి పైగా ఫ్రెంచి వాళ్ళు, ఈ మాట చాలా పేజీల్లో ఉండదు, అందరూ బ్రిటిష్ వాళ్ళే అన్నట్టు రాస్తారు. మనవాళ్ళు కూడా ఆ దండులో ఉన్నారు, బ్రిటిష్ సైన్యానికి సామాన్లు మోయడానికి కంచరగాడిదలతో పోయిన భారత సైనిక దళాలు ఫ్రాన్స్‌లో పనిచేశాయి, ఒక దళం జర్మన్లకి ఖైదు కూడా అయింది. అదే రోజు బ్రిటన్ ప్రధాని చర్చిల్ పార్లమెంటులో మాట్లాడాడు, సైన్యాన్ని వెనక్కి తెచ్చుకుంటే అది గెలుపు కాదని హెచ్చరించాడు. ఆ ప్రసంగాన్ని ఆ రాత్రి జనం రేడియోలో చర్చిల్ గొంతుతోనే విన్నారు అని చానా చోట్ల రాసి ఉంటుంది, నిజానికి ఆ సాయంత్రం రేడియోలో వార్తలు చదివే ఆయన అందులో కొంత చదివి వినిపించాడు, ఇప్పుడు మనం వినే రికార్డింగు చర్చిల్ 1949లో చేసింది. ఇట్టాంటివి పట్టుకోవడంలోనే ఈ పనిలో ఉన్న ఆనందం.

ఇక 1942 జూన్ 4 అయితే ఒక్క రోజుకే ఒక బోర్డు పెట్టచ్చు. ఆ రోజు తెల్లవారుజామున ప్రాగ్ ఆసుపత్రిలో నాజీ పెద్ద అధికారి హైడ్రిక్ చచ్చిపోయాడు, యూదుల్ని మొత్తంగా చంపే పథకాన్ని అధికారులందరికీ పంచిపెట్టిన సమావేశం నడిపింది వీడే, మే 27న బ్రిటన్‌లో శిక్షణ తీసుకుని దిగిన చెకోస్లొవాకియా సైనికులు వీడి కారు మీద బాంబు వేస్తే ఆ గాయాలతో పోయాడు. దానికి పగగా జూన్ 10న లిడిచె అనే పల్లెలో 173 మంది మగాళ్ళని నిలబెట్టి కాల్చేశారు, ఆడోళ్ళని క్యాంపులకి పంపేశారు. అదే జూన్ 4 మధ్యాహ్నం హిట్లర్ ఫిన్లాండ్‌లో ఉన్నాడు, ఎందుకంటే మానర్‌హైమ్‌కి 75వ పుట్టినరోజు, శుభాకాంక్షలు చెప్పడానికి విమానంలో పోయాడు, అక్కడ ఇద్దరూ ఒక రైలు పెట్టెలో కూర్చుని మాట్లాడుకున్నారు. చూశారా, పుట్టినరోజూ యుద్ధమూ ఒకే రైలు పెట్టెలో కూర్చున్నాయి. ఆ పెట్టెలో ఫిన్లాండ్ రేడియో ఇంజనీరు ఒకాయన మైకు ఆపకుండా ఉంచాడు, దాదాపు 11 నిమిషాలు రికార్డు అయ్యాక జర్మన్ కాపలావాళ్ళు గమనించి ఆపించారు. సోవియట్ దగ్గర అన్ని ట్యాంకులుంటాయని అనుకోలేదని హిట్లర్ మామూలు గొంతుతో చెప్పుకుంటున్న మాటలు అందులో ఉన్నాయి. సభల్లో కేకలు వేసే గొంతు కాకుండా మామూలుగా మాట్లాడే హిట్లర్ గొంతు దొరికింది ఆ ఒక్క రికార్డులోనే.

అదే తేదీన మిడ్‌వే. పసిఫిక్ సముద్రం మధ్యలో చిన్న దీవి, అక్కడ జపాన్ నాలుగు విమాన వాహక నౌకల్ని పోగొట్టుకుంది, అకగి, కగ, సోర్యు, హిర్యు. మూడు పొద్దున పదిన్నర లోపే కొన్ని నిమిషాల తేడాలో తగలబడ్డాయి, నాలుగోది సాయంత్రం. అమెరికా యార్క్‌టౌన్ అనే నౌకని పోగొట్టుకుంది. జపాన్ వైపు 3,000 మందికి పైగా, అమెరికా వైపు 300 మందికి పైగా చనిపోయారు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు, మన బోర్డులో దీన్ని మన సముద్రం దాకా లాక్కురావాలి. ఆ నాలుగింట్లో అకగి, సోర్యు, హిర్యు అంతకు రెండు నెలల ముందే మన సముద్రంలోకి వచ్చి ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద విమానాలు పంపినవే. మధ్యలో ఏప్రిల్ 6న ర్యూజో అనే ఇంకో జపాన్ నౌక విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు ఖాళీ అయింది, అత్యవసరం లేనోళ్ళు ఊరు వదిలిపొమ్మని ప్రభుత్వమే చెప్పింది. అంటే మిడ్‌వే దగ్గర జరిగింది మన తీరానికి ఏమీ సంబంధం లేని గొడవ కాదు, కృష్ణపట్నం, రామాయపట్నం, కొత్తపట్నం పక్క సముద్రం చూస్తా పెరిగినోళ్ళకి ఇది బాగా అర్థం అవుతుంది. మీ ఇంట్లో తొంభై దాటిన పెద్దాళ్ళు ఉంటే ‘మద్రాసు ఖాళీ చేసినప్పుడు మనూళ్ళోకి ఎవరన్నా వచ్చారా’ అని అడిగి రాసుకోండి, వాళ్ళు చెప్పింది బోర్డు మీద ‘ఫలానా వీధి పెద్దాయన జ్ఞాపకం’ అని విడిగా పెట్టండి, పుస్తకంలో ఉన్న విషయంతో కలపబాకండి.

ఇక్కడ గడియారం సంగతి ఒకటి ఉంది. మిడ్‌వే మీద జపాన్ విమానాలు మొదటిసారి వచ్చింది అక్కడి టైము ప్రకారం జూన్ 4 పొద్దున ఆరున్నరకి, మన ఇప్పటి టైము ప్రకారం అప్పుడు అర్ధరాత్రి పన్నెండు. మూడు నౌకలు తగలబడేసరికి మనకి జూన్ 5 తెల్లవారుజాము. జపాన్ వాళ్ళ రికార్డుల్లో కూడా ఇది 5వ తేదీయే. హిట్లర్ మానర్‌హైమ్ పుట్టినరోజు విందు ముగించుకుని పోయాక ఎంతోసేపటికి గానీ మిడ్‌వేలో మొదటి బాంబు పడలేదు. కాబట్టి ‘అదే సమయంలో’ అనే మాట రాసే ముందు టైములు కూడుకోండి, ‘అదే తేదీన’ అని రాయండి, బ్రాకెట్లో ‘అక్కడి కాలమానం’ అని పెట్టండి. పెర్ల్ హార్బర్ దాడి కూడా ఇంతే, అక్కడ డిసెంబర్ 7, జపాన్‌కి డిసెంబర్ 8.

గడియారం లాగే క్యాలెండర్ కూడా. మూడో జార్జ్ పుట్టినప్పుడు ఇంగ్లాండులో పాత క్యాలెండర్ నడిచేది, దాని ప్రకారం ఆయన పుట్టింది మే 24. 1752లో వాళ్ళు క్యాలెండర్ మార్చి 11 రోజులు తీసేశారు, 24కి 11 కూడితే జూన్ 4 వస్తుంది. అంత పాత వాళ్ళు ఎవరిని తీసుకున్నా ఈ లెక్క చూడండి. మన వాళ్ళ సంగతికొస్తే ఇంకో రకం చిక్కు, చానామంది పెద్దలకి ఇంట్లో గుర్తున్నది తిథి, స్కూల్లో చేర్చేటప్పుడు అయ్యవారు వేసింది ఒక తేదీ, రెండూ కలవవు. అందుకని మన జిల్లా కవులు, ఉద్యమకారుల పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే ఆ మనిషిని ఆ రోజు బోర్డులో పెట్టకుండా వదిలేయండి, వర్ధంతి నాడు పెట్టండి, చనిపోయిన తేదీ ఎక్కువ శాతం పత్రికల్లో వచ్చి ఉంటుంది కాబట్టి గట్టిగా దొరుకుతుంది.

సరిచూడడం అంటే పది సైట్లు చూడడం కాదు. ఒకదాన్ని చూసి ఇంకోటి కాపీ కొట్టినవి పది ఉన్నా ఒక్క ఆధారం కిందే లెక్క. ఒకటి వికీపీడియా చూస్తే రెండోది పుస్తకం చూడండి, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వాలు బీరువాల్లో దుమ్ము కొట్టుకుని ఉంటాయి, అడిగితే తీసిస్తారు. రోజుల లెక్క ఉంటే మీరే వేసుకోండి. పొట్టి శ్రీరాములు గారి దీక్ష 58 రోజులు అంటారు కదా, 1952 అక్టోబర్ 19 నుంచి 31 దాకా 13, నవంబర్ 30, డిసెంబర్ 15 దాకా 15, మొత్తం 58, మొదటి రోజునీ చివరి రోజునీ కలుపుకుంటేనే వస్తుంది. ఇట్టా వేళ్ళ మీద లెక్క పెట్టుకున్న అంకె మీద ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టలేరు.

తేదీని సాగదీయొద్దు, ఇది ఇంకో నియమం. జూన్ 4, 1944 తెల్లవారుజామున అమెరికా, బ్రిటన్ సైన్యాల సేనాని ఐసన్‌హోవర్ ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడిని వాతావరణం బాగాలేదని ఒక రోజు వాయిదా వేశాడు, జూన్ 5న జరగాల్సింది 6కి పోయింది. ఆ వాతావరణం సమాచారం పంపినోళ్ళలో ఐర్లాండ్ తీరంలో పోస్టాఫీసులో పనిచేసే మౌరీన్ అనే అమ్మాయి ఉంది, ఆమె పంపిన రీడింగులు చూశాక ఐసన్‌హోవర్ మనుషులకి అనుమానం మొదలైంది. ఆమెకి అప్పుడే 21 నిండాయి, పుట్టినరోజు జూన్ 3. ఎంత బాగుంది కథ, అయినా ఆమెని జూన్ 4న పుట్టినవాళ్ళలో పెట్టకూడదు, వాయిదా గురించి చెప్పే లైన్‌లో ‘నిన్ననే 21 నిండిన’ అని పెట్టచ్చు. ఒక రోజే కదా అని జరిపితే మీ బోర్డు మీద నమ్మకం పోతుంది, కానిస్టేబుల్, గ్రూప్ 2 ప్రిపేర్ అయ్యే పిల్లలు అక్కడ నిలబడి నోట్సు రాసుకుంటా ఉంటారు, వాళ్ళకి తప్పు తేదీ ఇచ్చినోళ్ళం అవుతాం.

ఇప్పుడు వయసుల లెక్క. ఒక తెల్ల కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా పుట్టినవాళ్ళ పేర్లు రాసి గళ్ళు నింపండి. నూతన్‌కి డంకర్క్ రోజున సరిగ్గా 4 నిండాయి, మిడ్‌వే రోజున 6, రోమ్ రోజున 8. ఒకే పాపకి మూడు పుట్టినరోజులు, మూడు యుద్ధ వార్తలు. మానర్‌హైమ్‌కి అవే రోజుల్లో 73, 75, 77. బాలు గారు రోమ్ పడిన రెండేళ్ళకి పుట్టారు. ఈ గళ్ళు నింపాక మీకే తెలిసిపోతుంది ఏ లైన్ ఉంచాలో ఏది తీసేయాలో, వయసు కలిపితే బతికే లైన్లు ఉంచండి, మిగతావి ఎంత పెద్ద సంఘటనలైనా తీసేయండి. ఏడెనిమిది లైన్లకి మించితే ఎవరూ చదవరు.

రాసేటప్పుడు స్వరం జాగ్రత్త. పైన ‘జన్మదిన శుభాకాంక్షలు’ అని రంగుల్లో రాసి కింద లిడిచె మృతుల గురించి పెడితే అది చనిపోయినోళ్ళకి అవమానం. పుట్టినరోజుల దగ్గర కేకు బొమ్మలు వేయబాకండి, యుద్ధాల దగ్గర బాంబు బొమ్మలు, మంటలు కూడా వద్దు. గెలిచినోళ్ళ లెక్కతో పాటు ఓడినోళ్ళ మృతుల లెక్క కూడా రాయండి, వాళ్ళూ ఒక తల్లి కన్నవాళ్ళే. హైడ్రిక్ లాంటోడి దగ్గర మాత్రం ‘ప్రముఖుడు’ అని రాయకూడదు, వాడు చేసింది ఏందో చెప్పాలి.

నేనైతే జూన్ 4 బోర్డు ఇట్టా రాస్తాను:

‘1946. మన నెల్లూరు బాలు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పుట్టారు. తిప్పరాజువారి వీధిలోని ఆయన ఇల్లు ఇప్పుడు వేద పాఠశాలది.
1936. నటి నూతన్ పుట్టింది. ఆమెకి 4 నిండిన రోజున డంకర్క్ తరలింపు ముగిసింది, 3,38,226 మంది సముద్రం దాటారు, అందులో 1,20,000 మందికి పైగా ఫ్రెంచి వాళ్ళు.
ఆమెకి 6 నిండిన రోజున మిడ్‌వే యుద్ధం మొదలైంది (అక్కడి కాలమానం). రెండు నెలల ముందు కొలంబో మీద బాంబులు వేసిన మూడు జపాన్ నౌకలు అక్కడ మునిగాయి.
అదే రోజు ఫిన్లాండ్ సేనాని మానర్‌హైమ్‌కి 75 నిండాయి. హిట్లర్ వచ్చాడు. అతని మామూలు గొంతు రికార్డయింది ఆ రోజే.
అదే రోజు ప్రాగ్‌లో, యూదుల్ని మొత్తంగా చంపే పథకం పంచిపెట్టిన నాజీ అధికారి హైడ్రిక్ చనిపోయాడు. ఆరు రోజులకి పగతో లిడిచె పల్లెలో 173 మందిని కాల్చేశారు.
నూతన్‌కి 8 నిండిన రోజున రోమ్ నాజీల చేతిలోంచి బయటపడింది. ఇటలీ యుద్ధంలో మన 4, 8, 10 డివిజన్ల సైనికులు పోరాడారు.
1738. మూడో జార్జ్ పుట్టాడు. అతని కాలంలోనే 1801లో నెల్లూరు కంపెనీ పాలనలోకి పోయింది.’

సంవత్సరాల వరస తప్పింది అని ఎవరైనా అంటే పట్టించుకోబాకండి, వరస మనిషి వయసుని బట్టి పోతా ఉంది. చార్టు మీద అయితే పుట్టినరోజులు నీలం స్కెచ్‌తో, యుద్ధాలు నలుపుతో రాయండి, ఎరుపు వద్దు. అక్షరాలు పేపర్లు చదివే బల్ల దగ్గర కూర్చున్నోళ్ళకి కనపడాలి. అడుగున రెండు వేళ్ళ జాగా వదిలి ‘తప్పు కనిపిస్తే ఇక్కడ రాయండి’ అని దారానికి పెన్ను కట్టండి, రిటైరైన మాస్టార్లు వచ్చి రాస్తారు, వాళ్ళు రాసింది పుస్తకంలో చూసి సరిదిద్దండి.

జూన్ 4కి స్కూళ్ళకి ఇంకా వేసవి సెలవులే కాబట్టి పిల్లలతో చేయించాలంటే డిసెంబర్ 4 పట్టుకోండి. ఘంటసాల గారు పుట్టింది 1922 డిసెంబర్ 4, రాష్ట్రపతి వెంకట్రామన్ 1910లో, ప్రధాని గుజ్రాల్ 1919లో అదే తేదీన. 1971లో ఘంటసాల గారికి 49 నిండిన రోజు రాత్రి మన నౌకాదళం క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దాడి చేశాయి, నేవీ డే అందుకే. దానికి ముందు రాత్రి, అంటే 3కీ 4కీ మధ్య, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయింది, అందులో ఉన్న 90 మందికి పైగా ఒక్కరూ బతకలేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచింది అని మనవాళ్ళు, లోపలే పేలుడు జరిగింది లేదా మందుపాతర తగిలింది అని పాకిస్తాన్ వాళ్ళు చెబుతారు, రెండు మాటలూ రాయించండి. తేదీ మాత్రం ‘డిసెంబర్ 3-4 రాత్రి’ అని పెట్టించండి, గళ్ళ కాగితం మీద వయసుల లెక్క పిల్లలే వేయాలి, చార్టు 3వ తేదీ సాయంత్రానికి గోడకి ఎక్కిపోవాలి.